చెప్పిందెంత? కలుపుకున్నదెంత?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



మీ ఇంట్లో ఉద్యోగ పరీక్షలకి చదువుతున్న పిల్లలుంటే వాళ్ళ పుస్తకం ఒకసారి తిరగేసి చూడండి. లెక్కలుంటాయి, ఇంగ్లీషు ఉంటుంది, లోకజ్ఞానం ఉంటుంది. వీటితోబాటు 'రీజనింగ్' అని ఒక భాగం ఉంటుంది. అందులో ఇలాంటి వాక్యాలు కనిపిస్తాయి: "కుర్చీలన్నీ మామిడిపళ్ళు. మామిడిపళ్ళన్నీ చీపుళ్ళు." కింద ఒక తీర్మానం ఇస్తారు: "కాబట్టి కుర్చీలన్నీ చీపుళ్ళు." ఇది సరైన తీర్మానమా కాదా చెప్పమంటారు.

పెద్దవాళ్ళెవరైనా చూస్తే, "ఇదేం చదువే తల్లీ! కుర్చీ చీపురెలా అవుతుంది?" అని నవ్వేస్తారు. కానీ పరీక్షలో "సరైనదే" అని రాసిన పిల్లకే మార్కు. "కుర్చీ చీపురు కాదు కదా" అని ఇంగితజ్ఞానం ఉపయోగించిన పిల్లకి మార్కు రాదు. రాకపోగా, ఉన్నదాంట్లోంచి కొంత కోసేస్తారు. బాంకు పరీక్షల్లో తప్పు జవాబుకి నాలుగోవంతు, సివిల్స్ ప్రిలిమినరీలో మూడోవంతు కోత ఉంటుంది.

సివిల్స్ మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. 2011లో ఆ ప్రిలిమినరీ పరీక్షలో ఆలోచనా శక్తిని చూసే రెండో పేపరు పెట్టారు. 2015 నుంచీ ఆ పేపరు మార్కులు లెక్కలో కలపడం లేదు గానీ, నూటికి 33 వంతున రాకపోతే మొదటి పేపరులో ఎంత బాగా రాసినా ముందుకి పోనివ్వరు. చరిత్రా, రాజ్యాంగమూ కంఠతా వచ్చిన పిల్లలు సైతం ఈ గుమ్మం దగ్గర ఆగిపోతున్నారు. అంచేత వీటిని పిల్లచేష్టలని తీసిపారేయకండి. దీనికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు. పదో తరగతితో చదువు ఆపేసిన నాలాంటి గృహిణి వంటింట్లో కూచుని నేర్చుకోవచ్చు, పిల్లలకి నేర్పవచ్చు.

ఇంతకీ కుర్చీలూ మామిడిపళ్ళూ ఎందుకు కలిపారంటారా? కావాలనే కలిపారు. పరీక్ష పెట్టేవారికి మనకెంత తెలుసో అక్కర్లేదు. ఇచ్చిన మాటలనుంచి కచ్చితంగా ఏది తేలుతుందో, ఏది తేలదో మనం విడదీయగలమా అన్నదొక్కటే వారికి కావాలి. ఇచ్చిన మాటలు నిజమే అనుకుంటే, ఈ తీర్మానం నిజం కాక తప్పదా? తప్పకపోతేనే సరైనది. "కావచ్చు", "సాధారణంగా అంతే", "మా ఊళ్ళో అలాగే" అన్నవేవీ ఇక్కడ చెల్లవు. చెప్పులు గుమ్మం బయట విడిచినట్టు, మనకి ముందే తెలిసిన సంగతుల్ని ఈ ప్రశ్న బయట విడిచి లోపలికి రావాలన్నమాట.

విడవడం చెప్పినంత సులువు కాదు. 1983లో ఇంగ్లండులో ఈవాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఇద్దరూ కలిసి ఈ విషయం పరీక్షించి చూశారు. తీర్మానం తర్కానికి నిలవకపోయినా, వినడానికి నమ్మదగ్గదిగా ఉంటే నూటికి 71 సార్లు జనం "సరైనదే" అన్నారు. అదే నిలవని తీర్మానం నమ్మశక్యం కానిదైతే నూటికి పదిసార్లే ఒప్పుకున్నారు. అంటే మనం చాలాసార్లు తర్కాన్ని చూడడం లేదు, చివరి మాట మన మనసుకి నచ్చిందా లేదా అనే చూస్తున్నాం.

నమూనాకి రెండు చూడండి. "పండు మిరపకాయలన్నీ ఎర్రగా ఉంటాయి. నా చేతిలోది ఎర్రగా ఉంది. కాబట్టి నా చేతిలోది పండు మిరపకాయ." వినగానే మీరు, "టొమాటో కావచ్చుగా!" అంటారు. బాగుంది. ఇప్పుడిది వినండి. "బాగా చదివే పిల్లలంతా తెల్లవారుజామునే లేస్తారు. సుజాత తెల్లవారుజామునే లేస్తుంది. కాబట్టి సుజాత బాగా చదివే పిల్ల." ఇది వింటే మనలో చాలామంది తల ఊపుతాం. కానీ రెండింటి కట్టుబాటూ ఒక్కటే. సుజాత నీళ్ళు పట్టడానికి లేస్తూ ఉండవచ్చు. పాలు పొయ్యడానికి లేస్తూ ఉండవచ్చు. మిరపకాయ దగ్గర కనిపించిన టొమాటో సుజాత దగ్గర కనిపించకపోవడానికి కారణం, రెండో మాట మనకి నచ్చడమే.

ఈ పొరపాటు కొత్తది కాదు, దాన్ని పట్టుకునే విద్యా మనకి కొత్తది కాదు. 17వ శతాబ్దిలో అన్నంభట్టు అనే మన తెలుగు పండితుడు 'తర్కసంగ్రహం' అని చిన్న పుస్తకం రాశాడు. పిల్లలకి సుఖంగా అర్థం కావాలని రాస్తున్నట్టు ఆయనే చెప్పుకున్నాడు. ఈనాటికీ సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవారు ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. అందులో ముఖ్యమైన ఉదాహరణ ఏమిటో తెలుసా? కొండమీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పు ఉంది. ఎలా చెప్పగలవు అంటే, పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది కనుక. ఎక్కడ చూశావు అంటే, వంటింట్లో! చూశారూ, ఆ మహాపండితులు సాక్ష్యానికి వచ్చి నిలబడింది మన వంటింటి గుమ్మంలోనే.

ఈ పొగా నిప్పూ పట్టుకుంటే పరీక్షలోని ప్రశ్నలు సగం విడిపోతాయి. "పొగ ఉంటే నిప్పు ఉంటుంది" అన్న ఒక్క వాక్యం ఇచ్చారనుకోండి. దాని మీద నాలుగు తీర్మానాలు పుడతాయి.

పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది. ఇది సరైనది.

నిప్పు లేదు, కాబట్టి పొగ లేదు. ఇదీ సరైనదే. నిప్పు లేకుండా పొగ ఉండి ఉంటే ఇచ్చిన మాటే అబద్ధమవుతుంది కదా.

నిప్పు ఉంది, కాబట్టి పొగ ఉంది. ఇది తప్పు. పాతవాళ్ళు దీనికి ఎర్రగా కాల్చిన ఇనపగుండుని చూపించారు. మనకి అంతదూరం అక్కర్లేదు, గ్యాసు పొయ్యి చాలు. నీలిమంట నిండుగా ఉంటుంది, పొగ ఉండదు.

పొగ లేదు, కాబట్టి నిప్పు లేదు. ఇదీ తప్పే. గ్యాసు పొయ్యిమీద చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది!

నాలుగింట్లో రెండు నిలుస్తాయి, రెండు నిలవవు. నిలవని రెండూ దారిని తిరగేసినవి. పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు ఇక్కడివే. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితులలో ఒక సామెత ఉండేది. అన్నంభట్టు కాశీ వెళ్ళి చదివాడు, నిజమే. అలాగని కాశీ వెళ్ళినవాళ్ళంతా అన్నంభట్టులు కారు. తర్కం చెప్పిన ఆయన పేరుమీదే తర్కపాఠం ఒకటి వెలిసిందన్నమాట.

ఇక 'అన్నీ', 'కొన్ని', 'ఏదీ కాదు' అనే మాటలతో వచ్చే ప్రశ్నలకి ఒక చక్కని ఉపాయం ఉంది. గుండ్రాలు గియ్యడం. ఆయిలర్ అని 18వ శతాబ్దిలో గొప్ప గణితవేత్త. ఆయన 1760 నుంచి 1762 దాకా జర్మనీ దేశపు రాకుమారి ఒకామెకి ఉత్తరాల ద్వారా శాస్త్రపాఠాలు చెప్పాడు. ఆమెకి అప్పటికి పదిహేనేళ్ళో పదహారేళ్ళో. తర్కం చెప్పవలసి వచ్చినప్పుడు కాగితం మీద గుండ్రాలు గీసి చూపించాడు. తరవాత 1880లో వెన్ అనే ఆయన వాటిని మార్చి పెంపు చేశాడు, పిల్లలు 'వెన్ చిత్రాలు' అనేవి అవే. మొత్తానికి ఈ గుండ్రాలు పేరుకెక్కింది ఒక ఆడపిల్లకి చెప్పిన పాఠాలతో.

మనకి కాగితమూ అక్కర్లేదు. చేతికున్న గాజులు తీసి బల్లమీద పెట్టండి. ఒక్కో గాజు ఒక్కో జాతి. "చిలకలన్నీ పక్షులు" అంటే చిన్నగాజుని పెద్దగాజు లోపల పెట్టాలి. "ఏ చిలకా చేప కాదు" అంటే రెండు గాజులూ ఒకదాన్నొకటి తగలకుండా దూరంగా పెట్టాలి. "కొన్ని చీరలు పట్టువి" అంటే ఒక గాజు మీద ఇంకో గాజు కొంత మేర ఎక్కేలా పెట్టాలి.

ఇప్పుడొక ప్రశ్న. "కొన్ని చీరలు పట్టువి. పట్టువన్నీ ఖరీదైనవి." కొన్ని చీరలు ఖరీదైనవని చెప్పవచ్చా? చీరల గాజు పట్టుగాజు మీద కొంత ఎక్కింది. పట్టుగాజు మొత్తం ఖరీదు గాజు లోపల ఉంది. అంచేత ఎక్కిన ఆ కాస్త భాగమూ ఖరీదు గాజు లోపలే పడుతుంది. ఎటు జరిపినా తప్పించుకోలేదు. తీర్మానం సరైనది.

మరొకటి. "కొన్ని చీరలు పట్టువి. పట్టువాటిలో కొన్ని ఎర్రనివి." కొన్ని చీరలు ఎర్రనివని చెప్పవచ్చా? ఇక్కడే జాగ్రత్త. ఎర్ర గాజుని పట్టుగాజుకి అవతలి అంచున పెట్టి చూడండి. చీరల గాజుకి అది తగలనే లేదు, ఇచ్చిన రెండు మాటలూ నిజంగానే ఉన్నాయి. ఎర్రవి పట్టు పావడాలు కావచ్చు, పట్టు పంచలు కావచ్చు. కాబట్టి తీర్మానం తేలదు. కొన్నికీ కొన్నికీ ముడివేస్తే ఏమీ తేలదని గుర్తు పెట్టుకోమనండి.

ఈ రెండో లెక్కలో మనం చేసిన పని గమనించారా? తీర్మానాన్ని నిలబెట్టడానికి చూడలేదు, పడగొట్టడానికి చూశాం. ఇచ్చిన మాటలన్నీ నిజంగా ఉంచుతూ, తీర్మానం ఒక్కటీ అబద్ధమయ్యేలా గాజుల్ని ఒక్క తీరుగానైనా పెట్టగలిగితే చాలు, ఆ తీర్మానం పడిపోయినట్టే. ఏ తీరుగా పెట్టినా పడకపోతే నిలిచినట్టు. పిల్లలు సాధారణంగా తమకి నచ్చే బొమ్మ ఒకటి గీసి, "సరిపోయింది" అని ముందుకి పోతారు. రెండో బొమ్మ కూడా గియ్యమని మీరు చెప్పండి.

చిన్నచిన్న మాటలు పెద్ద మార్కులు తినేస్తాయి. వాటిలో మూడు చెబుతాను.

మొదటిది 'కొన్ని'. మనం ఇంట్లో "కొన్ని ఇడ్లీలు మాడాయి" అంటే మిగిలినవి బాగున్నాయనే అర్థం. పరీక్షలో అలా కాదు. 'కొన్ని' అంటే కనీసం ఒకటి. అన్నీ మాడి ఉన్నా "కొన్ని మాడాయి" అన్నది తప్పు కాదు. కాబట్టి "కొన్ని ఇడ్లీలు మాడాయి" అని ఇచ్చి, "కొన్ని ఇడ్లీలు మాడలేదు" అనే తీర్మానం ఇస్తే అది తేలదని రాయాలి. మిగిలినవాటి సంగతి వాళ్ళు చెప్పలేదు, మనమే కలుపుకున్నాం.

రెండోది 'మాత్రమే'. "డిగ్రీ చదివినవారు మాత్రమే ఈ పరీక్ష రాయవచ్చు" అన్నారనుకోండి. అంటే పరీక్ష రాసేవారంతా డిగ్రీ చదివినవారు. డిగ్రీ చదివినవారంతా రాస్తారని కాదు. బస్సులో "స్త్రీలకు మాత్రమే" అని రాసి ఉన్న సీట్లు తలుచుకుంటే చాలు. ఆ సీట్లలో కూర్చోవలసినవారు స్త్రీలే, కానీ బస్సెక్కిన స్త్రీలందరికీ ఆ సీటు దొరుకుతోందా?

మూడోది 'రెంటిలో ఏదో ఒకటి'. "కొన్ని గిన్నెలు ఇత్తడివి. ఇత్తడివన్నీ బరువైనవి" అని ఇచ్చి, కింద రెండు తీర్మానాలు ఇస్తారు. ఒకటి, గిన్నెలన్నీ బరువైనవి. రెండు, కొన్ని గిన్నెలు బరువైనవి కావు. విడిగా చూస్తే రెండూ తేలవు, ఎందుకంటే ఇత్తడివి కాని గిన్నెల గురించి మనకేం చెప్పలేదు. కానీ ఆలోచించండి, గిన్నెలన్నీ బరువైనవైనా కావాలి, లేకపోతే బరువుకానివి ఒకటైనా ఉండాలి. మూడో దారి లేదు. బాంకు పరీక్షల్లో "రెంటిలో ఏదో ఒకటి సరైనది" అనే జవాబు ఇలాంటి జంటలకోసమే పెడతారు. "రెండూ కాదు" అని తొందరపడి రాసేసేవాళ్ళు ఇక్కడ చిక్కుకుంటారు.

కొన్ని పరీక్షల్లో గుండ్రాలకి లొంగని ప్రశ్నలు కూడా ఉంటాయి. నాలుగు వాక్యాల పేరా ఒకటి ఇచ్చి, దీనినుంచి ఏది తేలుతుంది అంటారు. ఒక నమూనా నేనే తయారుచేశాను, వినండి.

"ఒక ఊళ్ళో పోయిన ఏడు కొత్త మంచినీళ్ళ ట్యాంకు కట్టారు. ఈ ఏడు ఆ ఊరి ఆస్పత్రికి విరోచనాలతో వచ్చినవారి సంఖ్య పోయిన ఏటికంటే తగ్గింది." తీర్మానాలు నాలుగు. ఒకటి, కొత్త ట్యాంకు వల్లనే విరోచనాలు తగ్గాయి. రెండు, ఆ ఊళ్ళో విరోచనాలు తగ్గాయి. మూడు, ట్యాంకు కట్టని ఊళ్ళలో విరోచనాలు తగ్గవు. నాలుగు, ఆ ఆస్పత్రికి విరోచనాలతో పోయిన ఏడు వచ్చినవారు ఈ ఏడు వచ్చినవారికంటే ఎక్కువ.

మనసు మొదటిదాని మీదికి ఉరుకుతుంది. మంచినీళ్ళు మంచివైతే రోగాలు తగ్గుతాయని మనందరికీ తెలుసు కనుక. కానీ ఈ ఏడు వానలు తక్కువ పడి ఉండవచ్చు, ఇంటింటా నీళ్ళు కాచి తాగడం అలవాటై ఉండవచ్చు. ఒకదాని తరవాత ఒకటి జరిగినంత మాత్రాన, దానివల్లనే ఇది జరిగిందని కాదు. రెండోదైనా సరే తేలదు. ఆస్పత్రికి రావడం తగ్గింది గానీ, ఊళ్ళో రోగం తగ్గిందని ఎవరన్నారు? ప్రైవేటు డాక్టరు ఎవరైనా వచ్చి ఉండవచ్చు. మూడోది అసలు చెప్పని ఊళ్ళ మాట. ఇక నాలుగోది చాలా చప్పగా ఉంది, ఇచ్చిన మాటనే తిప్పి చెప్పినట్టుంది. సరైన జవాబు అదే! ఇలాంటి ప్రశ్నల్లో గట్టి జవాబు చాలాసార్లు చప్పగానే ఉంటుంది. 'ఎప్పుడూ', 'ఒక్కటే కారణం', 'తప్పనిసరిగా' వంటి పెద్దమాటలున్న జవాబు కనిపిస్తే, అంత పెద్దమాట అనడానికి పేరాలో ఆధారం ఉందా అని వెతుక్కోవాలి. ఉంటే సరే. లేకపోతే వదిలెయ్యాలి.

ఇంతవరకూ పరీక్ష మాట. ఇక మన ఇళ్ళల్లో మాట ఒకటి చెబుతాను.

ఇంట్లో ఉంగరం కనిపించదు. ఆ పూట బయటినుంచి వచ్చింది పనిమనిషి ఒక్కతే. "తీసినవాళ్ళు ఇంట్లోకి వచ్చే తీసి ఉండాలి. ఆవిడ వచ్చింది. కాబట్టి ఆవిడే తీసింది." ఇది ఎర్ర మిరపకాయ లెక్కే కదూ? పైగా ఎవరో తీశారన్నదే మనం కలుపుకున్న మాట. కనిపించకపోవడం మాత్రమే మన దగ్గరున్న మాట. సింకు వెనకా, పిండి డబ్బాలో చూశామా? పరీక్షలో ఈ తప్పు చేస్తే పావు మార్కు పోతుంది. ఇక్కడ చేస్తే ఒక మనిషి పేరు పోతుంది. ఆ మాట నాలుగిళ్ళు తిరిగితే ఆవిడకి ఇంకో ఇంట్లో పని దొరకదు. ఉంగరం మర్నాడు దిండు గలీబులో దొరికినా, అన్నమాట వెనక్కి రాదు.

ఇంకొకటి, దీనికంటే దగ్గరి సంగతి. "పెడదారి పట్టిన పిల్లలు ఎప్పుడూ ఫోను పట్టుకుని కూర్చుంటారు. మా పిల్ల ఎప్పుడూ ఫోను పట్టుకుని కూర్చుంటోంది." ఇక మూడో వాక్యం నేను చెప్పనక్కర్లేదు. చాలా ఇళ్ళల్లో తండ్రో, అన్నయ్యో, ఒక్కొక్కప్పుడు తల్లో ఆ మూడో వాక్యం అనేస్తారు. మర్నాటి నుంచీ కోచింగు మాన్పించేస్తారు, సంబంధాలు చూడడం మొదలుపెడతారు. ఈనాడు పరీక్షలు కంప్యూటరు మీద. మాదిరి పరీక్షలు ఫోనులో. ఆ పిల్ల ఆ ఫోనులో కుర్చీలూ మామిడిపళ్ళ లెక్కలే చేసుకుంటోందేమో! సరైన తీర్మానం తియ్యడం నేర్చుకుంటున్న పిల్ల చదువు, పెద్దవాళ్ళు తీసిన తప్పు తీర్మానం వల్ల ఆగిపోతే అంతకంటే అన్యాయం ఉందా?

అలాగని అనుమానమే పడకూడదని నేను అనడం లేదు. సంసారంలో అన్నీ రుజువయ్యేదాకా కూర్చోలేం. పిల్లాడి ఒళ్ళు వెచ్చగా ఉంటే, మలేరియా అని తేలలేదు కదా అని ఊరుకోం, డాక్టరు దగ్గరికి తీసుకువెడతాం. కానీ డాక్టరు కూడా రక్తపరీక్ష రాస్తారు చూశారూ, అదీ పద్ధతి. అనుమానం వేరు, తీర్మానం వేరు. అనుమానం వస్తే వెతుకుతాం, అడుగుతాం, ఇంకొక ఆధారం కోసం చూస్తాం. తీర్మానానికి వచ్చేస్తే ఇక వెతకడం మానేసి శిక్ష వెయ్యడం మొదలుపెడతాం. అనుమానానికి తీర్మానమని పేరు పెట్టడంతోనే చిక్కంతా వస్తుంది.

కాబట్టి పిల్లలున్న తల్లులకి నా మనవి ఒక్కటి. రాత్రి భోజనాలయ్యాక పదినిమిషాలు వాళ్ళ దగ్గర కూర్చుని రెండే రెండు ప్రశ్నలు చదివి వినిపించమనండి. జవాబు మీకు తెలియనక్కర్లేదు. వాళ్ళు జవాబు చెప్పగానే మీరు ఒక్కటే అడగండి: "ఇందులో వాళ్ళు చెప్పిందెంత? నువ్వు కలుపుకున్నదెంత?" ఆ పిల్ల తిరిగి చదువుకుంటుంది, గాజులు జరిపి చూసుకుంటుంది, తన తప్పు తనే పట్టుకుంటుంది. నెల్లాళ్ళు ఇలా చేస్తే పరీక్ష హాల్లో ఆ ప్రశ్న తనకి తానే వేసుకుంటుంది.

పిల్లలకి వేసే ఆ ప్రశ్నని మనకి మనం కూడా వేసుకుందాం. పక్కింటావిడ చెప్పిన కబురు విన్నప్పుడూ, ఫోనులో ఎవరో పంపిన వార్త చదివినప్పుడూ, ఇంట్లో ఎవరి మీదైనా ఒక మాట అనబోయేముందూ వేసుకుందాం. నోటిదాకా వచ్చిన మూడో వాక్యం సగం సార్లు అక్కడే ఆగిపోతుంది. ఆగినందువల్ల ఏ ఇంటికీ నష్టం రాదు.

సెలవు.